ఇంటి ముంగిటి కొలను



మన పెద్దలు సప్తసంతానములని ఏడింటిని చెప్పిరి: తటాకము, వనము, దేవాలయము, అగ్రహారము, నిధి, ప్రబంధము, పుత్రుడు. మనుష్యుడు పోయిన పిదపను వాని పేరు నిలుపునవి ఇవియే. వీనిలో ప్రబంధములను పదిలపరచు పని ఈ గ్రంథాలయము 25 ఏండ్లుగా చేయుచున్నది. తటాకము త్రవ్వించుట రాజులకును శ్రీమంతులకును చెల్లినది. అయినను దాని పిల్ల యొకటి మనవంటివారి పెరటిలోను ఇముడును. ఒక తొట్టి, రెండు కలువ దుంపలు, పది చేపపిల్లలు, ఇంతియే సరంజామా. నేను పద్దులు వ్రాసికొనువాడను గాని శాస్త్రజ్ఞుడను గాను. కావున మాటలలో లెక్కలు కొంచెము ఎక్కువగా దొర్లినచో మన్నింపుడు.

అమరకోశము ప్రథమకాండమున వారివర్గమను భాగము కలదు. నీరు, చేప, తామర, కలువ అన్నియు అందొక్కచోటనే కనబడును. ప్రకృతియందును వాని బంధుత్వము అట్టిదే. చేప విసర్జించిన మలినము అమ్మోనియా యగును. అది చేపకు విషము. నీటిలోని సూక్ష్మజీవులు దానిని క్రమముగా నైట్రేటుగా మార్చును. ఆ నైట్రేటు మొక్కకు ఎరువు. ఈ జమాఖర్చు సరిపోయినంత కాలము నీరు తేటగా నుండును. చేపలు మితిమీరినను, మేత మితిమీరినను ఖర్చు మించి నీరు చెడును.

ఇక పాత్ర సంగతి. వాడుకలో లేని కుడితితొట్టి గాని, పాత గోలెము గాని చాలును. కొనదలచినవారికి బావి వర యొకటి మేలు. 3 అడుగుల వ్యాసము, ఒకటిన్నర అడుగుల ఎత్తు గల వరకు అడుగు కట్టించినచో దానిలో సుమారు 300 లీటర్ల నీరు పట్టును. క్రొత్త సిమెంటులోని సున్నపు కారము చేపలను చంపును గనుక మూడు వారములపాటు నీరు నింపుచు, పారబోయుచు దానిని నానబెట్టవలెను. గుంట త్రవ్వి ప్లాస్టిక్ పట్టా పరచువారు కొలత ముందే చూచుకొనవలెను. గుంట పొడవునకు లోతు రెండింతలు కలిపి, అంచులకు మరి 2 అడుగులు చేర్చవలెను, వెడల్పునకును అట్లే. 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు గల గుంటకు 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గల పట్టా కావలెను.

తామరకును కలువకును భేదము మీరెరుగుదురు. తామరాకు నీటిపైకి లేచి నిలుచును. కలువాకు చీలికతో నీటిపై తేలియాడును. చిన్న తొట్టికి కలువయే తగినది. చెరువు బంకమట్టిని పాత కుండలో నింపి, దుంప మొలక పైకి కనబడునట్లు నాటి, పైన ఇసుక పరచి నీటిలో దింపవలెను. పెంటయెరువు కలుపరాదు, నీరు కుళ్ళును. పూయుటకు దినమున ఐదారు గంటల యెండ కావలెను. నడివేసవిలో మాత్రము మధ్యాహ్నపుటెండకు తాటాకు పందిరి నీడ యుండవలెను. ఏలయన నీరు వేడెక్కిన కొలది ప్రాణవాయువు తగ్గును. తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరచుచున్నచో అది గాలి చాలని గుర్తు. గుర్రపుడెక్క పూవు చూచి మోసపోయి దానిని తేరాదు. దక్షిణ అమెరికానుండి వచ్చిన ఆ కలుపు మన చెరువులను కాలువలను ఎట్లు పూడ్చినదో చెప్పనక్కరలేదు.

తొట్టిలో బొచ్చె, శీలావతి పెంచుదమని కొందరు తలంతురు. ఏడాదిలో కిలో తూగు చేపకు తొట్టి చెరసాల. కొరమీను దూకి పోవును, ఉన్నంతసేపు తోటి చేపలను మ్రింగును. మనకు తగినది గప్పీ. అది పిల్లలను పెట్టును, దోమపిల్లలను తినును. పదింటితో ఆరంభించిన చాలును. మేత దినమున కొకసారి, ఐదు నిమిషములలో తిని ముగించునంతయే. కుళాయి నీటిలో క్లోరిను ఉండునేని ఒక దినము ఎండలో నిలువనుంచి పోయవలెను. నీరు మార్చునపుడు మూడవ వంతు కంటె మించరాదు.

ఇపుడు ముఖ్యమైన ఆక్షేపణలకు వత్తును. నిలువనీరు దోమలకు నిలయము కాదా యని యడుగుదురు. న్యాయమైన ప్రశ్న. దోమలో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ కనుగొన్నది మన సికింద్రాబాదులోనే, 1897 ఆగస్టు 20న. డెంగ్యూ దోమ తేటనీటిలోనే గ్రుడ్లు పెట్టి, వారము పది దినములలో రెక్కలు తొడుగును. చేపలు లేని తొట్టి ఇంటికి శత్రువు. చేపలున్న తొట్టి దోమకు ఉరి. కావున చేపలు చచ్చిన నాడే తొట్టిని ఒలుకబోయుడు. క్రొత్త చేపలు దొరకువరకు దానిని బోర్లించి యుంచుడు. పగిలిన కుండలు, కొబ్బరిచిప్పలు, పాత టైర్లు కూడ పెరటిలో నుంచరాదు.

రెండవ యాక్షేపణ ఇల్లాండ్రది. బిందె మోయువారికి నీటి వెల తెలియును. వేసవిలో నేను చెప్పిన వరనుండి దినమునకు నాలుగైదు లీటర్లు ఆవిరియగును. ట్యాంకరు కొరకు వీధిలో నిలుచు ఇంట తొట్టి పెట్టుమని నేను చెప్పజాలను; ఒక చిన్న గోలెము చాలును. అయితే మార్చి తీసిన నీరు వృథా కాదు. అది బీరపాదుకు, వంగమొక్కకు మంచి యెరువునీరు.

మూడవది అన్నింటికంటె గట్టిది. పసిబిడ్డకు ఒక అడుగు నీరే ప్రాణాపాయము. బుడిబుడి అడుగుల బిడ్డ తిరుగు ఇంట తొట్టిపై బిగించిన ఇనుపజల్లెడ లేనిదే చుక్క నీరు పోయవలదు. పూవు ఎప్పుడైన పూయును.

కడపట ఒక మనవి. రజతోత్సవమున పూలదండలతో పాటు మన గ్రంథాలయపు ముంగిట ఒక వర కూడ పెట్టుదము. గప్పీలు కొలది నెలలలోనే పెరుగును. పుస్తకము నెరవిచ్చినట్లే, ఇంటి కైదేసి చేపలను చిట్టాలో వ్రాసి ఎరువిత్తము. అవి పిల్లలు పెట్టిన పిమ్మట చందాదారుడు ఐదింటిని తిరిగి యిచ్చును, మిగిలినవి వానివే. ఒక్క నిబంధన మాత్రము గట్టిగా వ్రాసికొందము: అవి పరదేశపు చేపలు గనుక చెరువులోను వాగులోను ఎవరును విడువరాదు. మూలము తరుగక వడ్డీ ఇంటింటికి చేరు ఇట్టి లెక్క పుస్తకములకు గాక చేపలకే చెల్లును. ఆ చిట్టా వ్రాయు పని నాకు అప్పగింపుడని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.