పుస్తకము మూసిన పిమ్మట

ఆదిలాబాదులో రిమ్స్ వైద్య కళాశాల 2008లో వెలసినది. 2022లో మంచిర్యాల, జగిత్యాల, రామగుండములయందును, 2023లో కరీంనగరము, నిర్మల్, ఆసిఫాబాదు, సిరిసిల్లలయందును ప్రభుత్వ వైద్య కళాశాలలు తెరువబడినవి. ఒకప్పుడు వరంగల్లుకో హైదరాబాదుకో పోవలసిన మన పిల్లలు నేడు ఇంటికి చేరువనే వైద్యము చదువుచున్నారు. ఎట్లు చదువవలెననునది నేటి విషయము.

చదివినదే పదిమారులు చదువుట, పంక్తుల క్రింద ఎర్రగీతలు గీయుట మన అలవాటు. అది వచ్చినట్లు భ్రమ గొల్పును. 2006లో రోడిగర్, కార్పికీ అను శాస్త్రజ్ఞులు అమెరికాలో దీనిని పరీక్షించిరి. మరల మరల చదివినవారు ఐదు నిమిషముల పిదప మెరుగుగా నుండిరి. వారము గడచుసరికి, పాఠమును చూడక జ్ఞప్తికి తెచ్చుకొని వ్రాసినవారే మిన్నయైరి.

కనుక పుస్తకము మూసి తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. వైవాక్స్ మలేరియాకు ప్రైమాక్విన్ ఇచ్చుటకు ముందు ఏమి చూడవలెను? రోగికి జి6పిడి అను ఎంజైము లోపమున్నదేమో చూడవలెను. ఉన్నచో ఆ మందు రక్తములోని ఎర్రకణములను చిదుపగలదు. ఉట్నూరు ప్రాంతపు గూడెమునుండి జ్వరముతో వచ్చిన రోగి మంచము ప్రక్కన నిలిచి ఈ ప్రశ్న వేసికొన్న విద్యార్థి దానిని తేలికగా మరువడు. మరునాడు, వారమునకు, నెలకు మరల వేసికొనవలెను.

పరీక్షాగృహమున మొదటి జవాబు మార్చరాదని పెద్దలందురు. నేను నమ్మను, కారణము తోచినచో మార్చవలసినదే. స్నాతకోత్తర ప్రవేశపరీక్షలో ఒప్పునకు 4 మార్కులు, తప్పునకు 1 కోత. నాలుగు జవాబులలో రెండింటిని త్రోసివేయగలిగినచో, మిగిలినవానిలో ఒకటి గుర్తించుటయే లాభము. నేర్చినది నిద్రలో గట్టిపడును. పరీక్ష ముందటి రాత్రి, తల్లులారా, పదిగంటలకే దీపమార్పుడు.