మాష్టారి కొడుకు



ఇంజనీర్ని పిలిచారు కదా, వంతెనల గురించి చెబుతాడనుకుని ఉంటారు. నేను టెన్నిస్ గురించి చెబుతాను. రాకెట్ పట్టి ఎరగను. మన గ్రౌండులో వాలీబాల్ నెట్‌కే దిక్కులేదు, టెన్నిస్ కోర్టు ఎక్కడిది!

రమేశ్ కృష్ణన్ గుర్తున్నాడా? తండ్రి రామనాథన్ కృష్ణన్ 1954లో వింబుల్డన్ జూనియర్ టైటిల్ గెలిచాడు. 1960, 61ల్లో అక్కడే పెద్దల పోటీల్లో సెమీస్ ఆడాడు. 1979లో కొడుకూ ఆ జూనియర్ టైటిల్ గెలిచాడు. అయినా మా ఇంట్లో ఆయన ఎప్పుడూ 'కృష్ణన్ కొడుకే'.

ఆ మాట నాకెందుకు గుచ్చుకునేదో మా బ్యాచ్ వాళ్ళకు తెలుసు. మా నాన్నగారు ఈ బళ్ళోనే లెక్కల మాష్టారు. నాకు 62 వస్తే, "మాష్టారి కొడుకువి, ఇదేంట్రా?" అనని వాళ్ళు లేరు.

రమేశ్ సర్వీసు మెత్తన. బెకర్ లాంటివాళ్ళు బంతిని చితక్కొడుతున్న రోజుల్లో ఆ సర్వీసుతోనే 1981, 87ల్లో యూఎస్ ఓపెన్, 86లో వింబుల్డన్ క్వార్టర్ ఫైనల్స్ ఆడాడు. ర్యాంకు 23 దాకా వెళ్ళింది. అవతలివాడి వేగాన్నే అరువు తీసుకుని బంతిని ఖాళీ చోటికి పంపేవాడు. మా ఇంజనీర్లకు అంతకంటే ముచ్చటైన పని ఉండదు.

1987 దసరా రోజులు. సిడ్నీలో ఆస్ట్రేలియాతో డేవిస్ కప్ సెమీఫైనల్. 2-2 దగ్గర చివరి మ్యాచ్‌లో రమేశ్ వాలీ మసూర్‌ని వరస సెట్లలో ఓడించాడు. రేడియోలో వార్త విని, ఎవర్నీ పొగడని నాన్నగారు, "వాళ్ళ నాన్న ఆట కాదురా, వాడి ఆట వాడు ఆడాడు" అన్నారు.

ఇంజనీరింగ్ మొదటి ఏడాది నాకు లెక్కల పేపరే పోయింది. ఇంట్లో చెప్పకుండా నెలరోజులుగా దాస్తున్నాను. ఆ రాత్రి చెప్పేశాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "సరే, మళ్ళీ రాయి" అని అటు తిరిగి పడుకున్నారు.

ఫైనల్లో స్వీడన్ మనల్ని 5-0తో ఓడించింది, అదీ చెప్పాలి. కానీ 1989 ఆస్ట్రేలియన్ ఓపెన్ రెండో రౌండులో అదే స్వీడన్‌కు చెందిన విలాండర్ని, అప్పటి నంబర్ వన్‌ని, రమేశ్ ఇంటికి పంపాడు. వారం తిరక్కుండా హాస్టల్‌కు నా పేర కవరొచ్చింది. లోపల పేపర్లోంచి కత్తిరించిన రమేశ్ ఫొటో. నాన్నగారు ఒక్క ముక్కా రాయలేదు. వెనక్కి తిప్పితే సగం తెగిన సబ్బు ప్రకటన.

ఆయన పోయి ఆరేళ్ళయింది. ఆ ముక్క ఇవాళ తెచ్చాను. మధ్యాహ్నం భోజనాల దగ్గర చూపిస్తాను, సాంబారు చేతుల్తో మాత్రం పట్టుకోకండి.