పరీక్ష ఎక్కడ ఆపాలి?

(ఎచ్చెర్లలో జరిగిన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కిందటి సమావేశం అయ్యాక మన సభ్యులొకరు నన్ను పక్కకు పిలిచి, "మాస్టారూ, మా మనవడికి తెలివితేటల పరీక్ష పెట్టి సగంలోనే పుస్తకం మూసేశారు. మిగతావి కూడా అడిగితే ఒకటో రెండో చెప్పేవాడు కాదా?" అన్నారు. వారి బాధలో అర్థముంది. 2018కి ముందు ఆ అంకెను బట్టే ధ్రువపత్రం, పింఛను ఉండేవి. 2001 నాటి కేంద్ర మార్గదర్శకాల్లో ప్రజ్ఞాలబ్ధి 50 నుంచి 69 వరకు ఉంటే 50 శాతం వైకల్యం, 35 నుంచి 49 వరకు 75 శాతం. ఒక్క అంకె అటూ ఇటూ అయితే కాగితమే మారిపోయేది. చాలా ఏళ్ళు ఈ పరీక్షలు చేసినవాణ్ణి గనుక, నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను నిలబెట్టారు.

సగంలో ఆపడం తప్పు కాదండి. 1905లో ఫ్రాన్సులో బినే, సైమన్ తయారుచేసిన మొదటి పరీక్షలోనే 30 అంశాలు తేలిక నుంచి కష్టానికి వరుసగా ఉన్నాయి. 1908లో వాటిని వయసులవారీగా పేర్చారు. 1916లో అమెరికాలో టెర్మన్ మూడో ఏటి నుంచి పదో ఏటి దాకా ఏటికి ఆరేసి అంశాలు పెట్టి, ఒక్కోదానికి రెండు నెలల మానసిక వయస్సు లెక్క కట్టాడు. ఒక ఏటివన్నీ చెప్పగలిగితే అది పునాది. పైకి వెళ్ళగా వెళ్ళగా ఒక ఏటివన్నీ తప్పితే అది కప్పు, అక్కడ ఆపాలి. మన దేశంలో కామత్‌గారు మార్చి రాసిన బినే పరీక్షదీ ఇదే దారి. వెక్స్‌లర్ పరీక్షల్లో వయసు మెట్లు లేవు. వరుసగా ఇన్ని తప్పితే ఆ విభాగం చాలించమంటారు. (మనకు ఆగే వయసు 58 అన్నారు, 2014లో 60 చేశారు, 2022లో 62 చేశారు. పరీక్షలో అలా జరపడానికి వీల్లేదు!) ఎందరో పిల్లల మీద ఆ నియమంతోనే సగటులు కట్టారు. ఒక్కడికి అదనంగా అడిగి మార్కు కలిపితే పోలిక చెడుతుంది.

నేనూ ఆ తప్పు చేశాను. ఒక పాప మీద జాలిపడి, కప్పు దాటాక కూడా అడుగుతూ పోయాను. "అమా, ఎలిపోదామే" అని తల్లి కొంగు పట్టుకుంది. ఆ తర్వాతి విభాగంలో, తెలిసినవాటికి కూడా తల ఎత్తలేదు.

అంతకంటే నన్ను ఇప్పటికీ కలవరపెట్టేది ఇంకొకటి. ఒక ఆసుపత్రికి తీరం నుంచి తొమ్మిదేళ్ళ గుంటణ్ణి తల్లి తీసుకొచ్చింది. తెల్లవారుజామున బస్సెక్కి, మధ్యాహ్నం దాకా వరండాలో, ఖాళీ కడుపుతో కూర్చున్నారు. నేను పుస్తకాల తెలుగులో అడిగాను. వరుసగా తప్పాడు, ఆపాను. రంగు దిమ్మెలతో నమూనా పేర్చే విభాగంలో గడువు దాటింది, అదీ ఆపాను. నేను లెక్క రాసుకుంటుంటే, వాడు ఆ దిమ్మెల్నే తిప్పుకుంటూ తప్పిన నమూనాను పూర్తిచేసి, "ఇలగేనా బాబూ?" అన్నాడు.

దానికి మార్కు వేయకూడదు. వేయలేదు. కాని జరిగిన సంగతి నివేదికలో రాయాలి కదా! అదీ రాయలేదు. వరండాలో ఇంకా పదిమంది ఉన్నారు. అంకె ఒక్కటే వేసి పంపేశాను. ఆ అంకె చూసి బడివారు వాణ్ణి ఏం చేశారో కనుక్కోనూ లేదు.

తర్వాత పద్ధతి మార్చుకున్నాను. నియమం ప్రకారం ముగించి, లెక్క కట్టేశాక, గడువు లేకుండా, వాడి ఇంటి మాటల్లో మళ్ళీ చేయించి చూసేవాణ్ణి. హద్దులు చూడడమని మా వృత్తిలో దానికి పేరు. మార్కులతో కలపకుండా విడిగా రాయాలి. ఆకలితోనో జ్వరంతోనో ఉంటే అసలు మొదలుపెట్టకుండా ఇంకోరోజు రమ్మనేవాణ్ణి. బస్సు ఛార్జీ దండగని తిట్టినవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ తిట్టూ న్యాయమే. 2018 మార్గదర్శకాలు రోజువారీ పనుల్లో నేర్పును కూడా కొలవమన్నాయి. అది కొంత మేలు.

కనుక మిత్రులకు నా మనవి: సగంలో ఎందుకు ఆపారని తగువు పడకండి. ఆ పూట మనవడు తిన్నాడా, ఏ మాటల్లో అడిగారు, ఆపాక మళ్ళీ ఏమైనా చేయించి చూశారా, చూస్తే అది ఎక్కడ రాశారు, ఇవి అడగండి. ఒంటరిగా అడగడానికి మొహమాటమైతే నేనూ వస్తాను. ఉదయం టిఫిను పెట్టించి తీసుకెళదాం.

సెలవు.