క్రిస్మసుకా, ఈస్టరుకా?

చీడికాడలో పియానో నేర్చుకొనుచున్న ఒక అమ్మాయి, క్రిస్మసు ఆరాధనలో హాండెల్ "హల్లెలూయ" వాయించెదనని మమ్మును అడిగినది. గాయకబృందము తటపటాయించినది.

ఆమె వ్రేళ్ల వేగమును మేము చూడలేదు. నెమ్మదిగా వాయించుమంటిమి, చక్కగా వాయించినది. తప్పు దొరలినను ఆగక సాగుమంటిమి. ప్రతిసారి ఆగి వెనుకకు వచ్చినది. బాసు మొదలుకొని నాలుగు గళములు ఒకదాని వెంట ఒకటి ప్రవేశించు భాగమొకటి అందులో కలదు. అక్కడ వాద్యము ఆగినచో పాడువారందరు చెదరిపోవుదురు. అందరి యెదుట అట్లు జరిగినచో, ఆ పిల్ల మరల పియానో ముట్టునా?

ఈస్టరుకు వాయించుమంటిమి. చిన్నబోయినది గాని ఒప్పుకొన్నది. నిజమునకు ఆ పాట "మెస్సీయ"లో శ్రమలను, పునరుత్థానమును గూర్చిన రెండవ భాగపు ముగింపు. 1742లో డబ్లిన్‌లో మొదట వినిపించినదియు ఏప్రిల్ 13ననే.

ఈలోగా ప్రతి ఆదివారము ఒక కీర్తనకు ఆమెయే వాయించును. ఆమె తప్పినను మీరు పాడుట ఆపవద్దు.