నగరపాలక పాఠశాలలు – వెనుకబడిన విద్యార్థులు

నగరములలోని ప్రభుత్వ పాఠశాలలను గూర్చి మాటలాడునప్పుడు మన దృష్టి మొదట గోడలమీదికి, పైకప్పుమీదికి, బల్లలమీదికి పోవును. అవి అవసరములే. నీరును వెలుతురును లేని బడిలో చదువు సాగదు. కాని వసతులన్నియు సమకూడిన పిమ్మట గూడ ఒక ప్రశ్న మిగిలియే యుండును: నాలుగవ తరగతిలో కూర్చున్న పిల్లవాడు రెండవ తరగతి వాచకమును తడబడక చదువగలడా? చదువలేనిచో ఆ లోపమును సవరించు మార్గమేది? ఈ ప్రసంగమున మేము ఈ యొక్క విషయమునే ముచ్చటింపదలచితిమి.

ఈ బడులకు వచ్చు పిల్లలలో పెక్కురు కూలిపనికై వలసవచ్చిన కుటుంబములవారు. పని ముగియగానే తల్లిదండ్రులు మరియొక పేటకు తరలిపోదురు. బిడ్డ చదువు నడుమ తెగిపోవును. హైదరాబాదు వంటి నగరమున ఇంటి భాష యొకటి, బడి భాష యొకటి యగుట అరుదు కాదు. కలిగినవారి బిడ్డ వెనుకబడినచో సాయంకాలము ట్యూషను మాస్టరు వచ్చి ఆ కొరత తీర్చును. కూలివాని బిడ్డకు బడిలో చెప్పినదే చదువు.

అట్టి పిల్లలు ఒక గదిలో చేరినప్పుడు ఒకడు భాగహారము చేయును. ఒకడు రెండంకెల కూడికకే తడబడును. ఒక బాలికకు గుణింతములింకను పట్టుబడియుండవు. పాఠ్యపుస్తకము మాత్రము అందరికిని ఒక్కటే. ఉపాధ్యాయుడు పుస్తకమును ముగించునా, పిల్లవానిని చూచునా? 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము 24వ విభాగములో ఈ రెండు విధులును పక్కపక్కనే చెప్పబడినవి. పాఠ్యక్రమమునంతటిని నిర్ణీతకాలములో పూర్తిచేయవలెననునది ఒకటి. ప్రతి బిడ్డ యెంత నేర్వగలుగుచున్నదో మదింపుచేసి, కావలసిన అదనపు బోధన చేయవలెననునది మరియొకటి. మొదటిది లెక్కకు సులభముగా అందును. ఎన్ని పాఠములైనవని ఎవరైన అడుగవచ్చును. రెండవది అట్లు లెక్కకు దొరకదు. కనుకనే అది మరుగున పడుచున్నది.

ఈ చిక్కునకు ఒక పరిష్కారము ముంబాయి, వడోదర నగరముల పురపాలక పాఠశాలలలో పరీక్షింపబడినది. మూడు, నాలుగు తరగతులలో వెనుకబడిన పిల్లలను 15 నుండి 20 మంది చొప్పున జట్టుగా చేర్చి, దినమునకు రెండు గంటలు వేరుగా కూర్చుండబెట్టి, ఆ ప్రాంతమునందే చదువుకొన్న యువతిచేత అక్షరములు, అంకెలు మొదలుకొని నేర్పించిరి. ‘ప్రథమ్’ సంస్థ నడపిన ఈ పథకమునకు ‘బాల్‌సఖి’ అని పేరు. 2001–2003 సంవత్సరములలో దీనిని పరిశీలించిన అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో మొదలగు ఆర్థికశాస్త్రవేత్తలు 2007లో ఫలితములను ప్రకటించిరి. వేరుగా కూర్చున్న పిల్లలు చక్కగా పుంజుకొనిరి. వారు వెళ్లిన పిమ్మట పలుచబడిన తరగతిలో మిగిలినవారికి మాత్రము చెప్పుకోదగిన మేలు కలుగలేదు.

ఇందలి పాఠము గమనింపదగినది. తరగతిలో తలలు తగ్గినంతమాత్రమున చదువు పెరుగదు. చెప్పు పద్ధతియు మారవలెను. ఉపాధ్యాయుల నియామకము అనవసరమని దీని భావము కాదు. వారిని నియమించి ఊరకుండరాదని మాత్రమే. మరియొక హెచ్చరికయు ఇందున్నది. పథకము ముగిసిన ఏడాదికి ఆ లాభములో చాలభాగము కరగిపోయినది. మొక్కకు ఒకనాడు నీరుపోసి మరచినచో ఫలితమేమి?

ఈ పని బయటివారే చేయనక్కరలేదు. 2012–13లో హర్యానా ప్రభుత్వ పాఠశాలలలో అచ్చటి ఉపాధ్యాయులే దినమునకొక గంటను ప్రత్యేకించి, తరగతిని బట్టి గాక స్థాయిని బట్టి పిల్లలను కూర్చుండబెట్టి బోధించిరి, పఠనశక్తి మెరుగుపడినది. తెలంగాణములో 2022లో ఆరంభమైన ‘తొలిమెట్టు’ కార్యక్రమముగూడ ప్రాథమిక తరగతులలో చదువుట, వ్రాయుట, లెక్కించుట అను పునాదులకే ప్రాముఖ్యమిచ్చినది.

మా సూచనలు క్లుప్తముగా ఇవి. బడి తెరచిన మొదటి వారములలో ప్రతి బిడ్డచేతను విడిగా చదివించి వినవలెను: అక్షరము, మాట, వాక్యము, చిన్న కథ, వీనిలో ఎచ్చట ఆగెనో గుర్తింపవలెను. దినమున ఒక గంట ఆ స్థాయికే అంకితము కావలెను. ఆ గంటను ఇతరకార్యములకు లాగికొనరాదు. జట్టులు స్థిరముగా ఉండరాదు. నేర్చిన బిడ్డ వెంటనే పై జట్టునకు పోవలెను. లేనిచో అది సాయము గాక, ‘మొద్దు’ అను ముద్రయై బిడ్డను జీవితాంతము వెంటాడును. తల్లిదండ్రులకు మార్కుల పట్టిక చూపుటకంటె, వారి యెదుట బిడ్డచేత ఒక పుట చదివించుట మేలు. చదువురాని తల్లికి గూడ ఆ పరీక్ష అర్థమగును.

బిడ్డ యెచ్చట నున్నదో అచ్చటికి బడి దిగిరావలెను. అటనుండి చేయిపట్టుకొని పైకి తెచ్చుటయే బోధన. పునాది లేని బిడ్డను ఏటేట పై తరగతికి పంపుట, చదువు చెప్పితిమని మనలను మనము నమ్మించుకొనుటయే యగును.