శయ్యావ్రణములు – ఇంటివారి కర్తవ్యము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున పుండ్లను గూర్చి ప్రసంగించుట వింతగా దోచవచ్చును. కాని చదివిన చదువు ఇంటికి ఉపకరింపవలెను గదా! పక్షవాతముచేతనో, తుంటియెముక విరుగుటచేతనో మంచము పట్టిన పెద్దలకు అసలు రోగముకంటె పడకపుండే ప్రాణాంతకమగుట కలదు.

సుశ్రుతసంహిత చికిత్సాస్థానమున మొదటి అధ్యాయమందే వ్రణమునకు 60 ఉపక్రమములు చెప్పబడినవి. అన్ని చికిత్సలకంటెను పుండు పుట్టకుండ చూచుకొనుట మేలు. ఎముకకును పడకకును నడుమ చర్మము నలిగి, నెత్తురు పాఱక చచ్చుటయే దీనికి మూలము. కావున నడుము క్రిందిభాగము, తుంటి, మడమలు, మోచేతులు, తలవెనుక భాగము ప్రతిదినము పరికింపవలెను. ఎఱ్ఱబడినచోట వ్రేలితో నొక్కి విడిచినను ఎఱుపు చెదరకున్నచో అది తొలి హెచ్చరిక. నల్లని మేనివారికి ఎఱుపు కనబడకపోవచ్చును. వేడిమి, గట్టిదనము, నొప్పి గమనింపవలెను. అచ్చోట మర్దన కూడదు.

రోగిని రెండు గంటలకొకమారు ప్రక్కకు త్రిప్పవలెను. ఈడ్వక, దుప్పటితో ఎత్తి త్రిప్పవలెను. పిక్కల క్రింద దిండుంచి, మడమలు పడకను తాకకుండ చేయవలెను. మలమూత్రములు సోకినవెంటనే కడిగి, రుద్దక అద్ది తుడిచి, వాజలైను పూయవలెను. పప్పు, పాలు, గ్రుడ్లు శక్తికొలది పెట్టవలెను. చర్మము చిట్లినచో పసుపు, బూడిద చల్లక నర్సమ్మకు చూపవలెను. చీము, దుర్వాసన, జ్వరము, నలుపు కనబడిన వెంటనే వైద్యుని యొద్దకు చేర్పవలెను.

ఇంట రోగులను చూచుకొను స్త్రీలకొరకు 1859లో వ్రాసిన గ్రంథమున ఫ్లారెన్సు నైటింగేలు, పడకపుండునకు సాధారణముగా రోగము కాదు, పరిచర్యాలోపమే కారణమని తెలిపెను. ఆ మాట పట్టుకొని ఇంటి కోడలిని నిందించుట అన్యాయము. లెక్క చూడుడు: రెండు గంటలకొకమారనిన దినమునకు 12 మార్లు, అందు నాలుగు మార్లు రాత్రి నిద్ర మేల్కొనవలెను. ఇది ఒక్కరివలన నగు పనియా? కొడుకులు, మనుమలు వంతులు వేసికొని, త్రిప్పిన వేళలు కాగితముపై వ్రాసి మంచమువద్ద ఉంచవలెను. పుండును సిగ్గుచేత దాచరాదు. దాచిన పుండు ఎముకదాక పోవును.

యువకులారా! మంచము పట్టిన పొరుగువారికి పత్రిక చదివి వినిపింపుడు. లేచివచ్చునప్పుడు ఆ యింటివారికి ఒక చేయి తోడిచ్చి, వారిని ప్రక్కకు త్రిప్పి రండు. అదియును గ్రంథాలయసేవయే.