అద్దె యింటి పెరట్లో పండ్లచెట్టు

అద్దె యింట్లో చెట్టెందుకని మనవాళ్లు వెనుదీస్తారు. టెంక పాతిన మామిడి కాపుకు ఏండ్లు పట్టే మాట నిజమే; ఆలోగా బదిలీ రానే వస్తుంది. కాని కంబళిచెట్టు సంగతి వేరు. పట్టుపురుగుల కోసం ఈ కర్ణాటకలో విరివిగా పెంచే చెట్టే యిది. కన్నడిగులు హిప్పునేరళె అంటారు. పెన్సిలంత లావు కొమ్మను మూడు నాలుగు కన్నులుండేలా కోసి, తొలకరిలో నాటండి. ఏడాది తిరిగేసరికి పండ్లు చూడవచ్చు. కొన్ని చెట్లకు మగపూలే పూస్తాయి గనుక, పండ్లు కాసిన చెట్టు కొమ్మనే అడిగి తెచ్చుకోవాలి. కాపు అయ్యాక కత్తిరిస్తే కొత్త చిగుళ్లతోపాటే పిందెలూ వస్తాయి. బాగా నల్లబడిన పండే తీపి; పిల్లల చొక్కాల మరకలకు మాత్రం నేను పూచీ కాను! పెరడు లేనివారికి పెద్ద తొట్టి చాలు. ఇల్లు మారేనాడు ఒక కొమ్మ కోసి వెంట తీసుకుపోండి. చెట్టును తరువాత వచ్చేవారి పిల్లలకు వదలండి.